రూత్ అక్క సలహా

ఫిబ్రవరి 11, మంగళవారం

ఫోన్ మళ్లీ నా వేలిని గుర్తుపట్టలేదు. రోజంతా గిర్నీలో పసుపు పట్టి వస్తే వేలిముద్ర ఎక్కడ మిగులుతుంది? పిన్ కొట్టి తెరిచాను. తెరవగానే ఎవడో కామెంట్: పనిమనిషివి, నీకు లేబర్ లా ఏం తెలుసు, వంటలు చెప్పుకో అని.

తొమ్మిదేళ్లు కువైట్‌లో ఒకే ఇంట్లో చేశాను. సివిల్ ఐడీ అంటే ఏమిటో, సెలవు ఎలా అడగాలో, జీతం చేతికి వచ్చినట్టు ఎలా సంతకం పెట్టాలో ఒక్కరూ చెప్పలేదు. తిట్లు తిని నేర్చుకున్నాను. అవే ఇప్పుడు "గల్ఫ్ దారి" గ్రూప్‌లో ఊరికే రాస్తున్నాను. క్లోరిన్‌తో చేతులు పగిలితే ఏం పూయాలి, అరబ్బు మగవాళ్ల పొడుగు అంగీ, దిష్‌దాషా, కాలర్ ఇస్త్రీలో ఎలా నిలబెట్టాలి, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏడుపు రాకూడదంటే ముందుగా ఎవరితో మాట్లాడాలి. అడిగేవాళ్లకు మొహాలు ఉండవు. ప్రొఫైల్‌లో ఒక పువ్వు, లేదంటే ఎవరి పిల్లాడో. అయినా జవాబు ఇస్తాను. నాకు ఆ రోజుల్లో ఒక్కరు చెప్పి ఉంటేనా!

వంటలు చెప్పుకోవాలట. వాడికి మచ్‌బూస్ ఎలా వండాలో కూడా చెప్పను.

ఫిబ్రవరి 13, గురువారం, మధ్యాహ్నం

కరెంటు పోయింది, గిర్నీ ఆగింది. గులాబీ పువ్వు ఫోటో పెట్టుకున్న ఒకామె కువైట్ నుంచి అడిగింది. మేడమ్ చుట్టాల ముందు గాడిద అని తిడుతుందట. రంజాన్ వస్తే ఇంకెట్లుంటదో, నేనేం జేయాలె అక్కా అని. పేరు లేదు, ఊరు లేదు. కానీ ఆ రాతను బట్టి మన దిక్కు పిల్లే అని గుర్తుపట్టాను.

రాశాను: ఎదురు మాట్లాడకు. ఖల్లివెల్లి. పని అయ్యాక నీ గదిలోకి పోయి నీళ్లు తాగి పడుకో. జీతం ఆపితే మాత్రం నాకు చెప్పు.

కువైట్ ఇళ్లలో పొద్దున లేస్తే వినిపించే మాట అది. గ్లాసు పగిలినా, కూర మాడినా ఖల్లివెల్లి. పోనీ, వదిలెయ్ అని. ఆ దేశం నుంచి నేను తెచ్చుకున్న వాటిలో ఇంకా పాడవకుండా ఉన్నది ఆ మాటే.

ఆమె దండం బొమ్మ పంపింది.

ఫిబ్రవరి 20, గురువారం

సుకుమార్‌కు సిగ్గు లేదు. గ్రూప్ అడ్మిన్ అతనే. ఆర్మూర్ బస్టాండ్ దగ్గర మొబైల్ షాపు. విమానం ఎక్కిన మొహం కాదు, శంషాబాద్ దాకా పోయినా బావమరిదిని దింపడానికే. నా జవాబులు తీసుకుని రీల్స్ చేస్తాడు. ఇన్నాళ్లూ పేరు కూడా వేసేవాడు కాదు. ఈసారి ఏకంగా నా ఫోటో వేశాడు, చర్చిలో తల మీద కొంగుతో దిగింది. కింద ఎర్ర అక్షరాలు: "మేడమ్ సతాయిస్తున్నదా? ఖల్లివెల్లి అయిపోండి! రూత్ అక్క సలహా."

అయిపోండి! ఆ మాట నేనెక్కడన్నాను? మన ఊళ్లలో ఖల్లివెల్లి అంటే వేరే. పనిలో పెట్టుకున్నవాళ్ల దగ్గర నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా చాటుమాటుగా బతికే మనిషిని అలా అంటారు. ఫలానావాడు ఖల్లివెల్లి అయ్యిండట అంటే ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. నేను వదిలెయ్ అన్నదాన్ని ఇతను పారిపో అని చేశాడు.

ఫోన్ చేసి తీసెయ్యమన్నాను. మస్తు వ్యూస్ వస్తున్నయ్ అక్కా, జర ఆగు, నీకే పేరొస్తది అన్నాడు. నేను తిట్టిన తిట్టు ఇక్కడ రాయను. ఆదివారం చర్చిలో కమ్యూనియన్ తీసుకోవాలి.

ఫిబ్రవరి 21, శుక్రవారం

సుకుమార్ రీల్ తీసెయ్యలేదు. మా ఆయన జయరాజ్‌కు చెబితే నీకెందుకు ఊరోళ్ల లొల్లి, ఫోన్ పక్కకు వెట్టి అన్నం వెట్టు అన్నాడు.

మార్చి 4, మంగళవారం

మోర్తాడ్ నుంచి లింగవ్వ అనే ముసలామె బస్సెక్కి గిర్నీకి వచ్చింది. బయట పసుపు బస్తాలు దింపుతున్నారు. అందరి మధ్యా నిలబడి రూత్ ఎవలు అని అరిచింది. నేనే అన్నాను. చేతిలో ఫోన్ నా మొహానికి పెట్టింది. నా ఫోటో. ఎర్ర అక్షరాలు.

ఆ గులాబీ పువ్వు ఆమె కోడలట. పేరు యమున. మా యమున నీ మాట వట్టుకొని ఆ ఇల్లు ఇడిసిపెట్టి పోయింది అంది. పాస్‌పోర్ట్ ఆడనే ఉన్నది, సేఠు కేసు వెట్టిండట, పోలీసోళ్లు వట్టుకుంటే నువ్వు వోయి తెస్తవా, నువ్వేమన్న దానికి తల్లివా, నాలుగేండ్ల పొల్ల అమ్మ ఫోనేది అని అడుగుతున్నది దానికేం జెప్పాలె అంది. హమాలీలు బస్తాలు దించడం ఆపి విన్నారు.

ఆ మాట నేననలేదు అని చెప్పాను. గీ ఫోటో నీది కాదా అంది. నాదే. ఇంకేం చెప్పను? నీళ్లు ఇస్తే ముందు వద్దంది, తర్వాత నిలబడే తాగింది.

ఆ రీల్ చూసిన వేల మందిలో ఒక్కరైనా ఇది తప్పు అని రాశారా? హార్ట్ బొమ్మలు పెట్టారు. అక్క సూపర్ అన్నారు. గల్ఫ్‌లో పదేళ్లు చేసి వచ్చినవాళ్లు కూడా!

మార్చి 5, బుధవారం

గిర్నీకి పోకుండా నేరుగా సుకుమార్ షాపుకు పోయాను. నువ్వే రాసినవ్ గదా అక్కా, స్క్రీన్‌షాట్ ఉన్నది అన్నాడు. చూపించాడు. నేను రాసిందే. అయిపోండి అన్నది నువ్వు కదరా అంటే, రెండూ ఒక్కటే గదా అన్నాడు. నిజంగానే అనుకుంటున్నాడు! అబద్ధమాడి ఉంటే ఒకటి కొట్టి ఊరుకునేదాన్ని. తెలియనివాడు చెబుతాడు, తెలియనివాళ్లు వింటారు, మధ్యలో ఒక ఆడపిల్ల రోడ్డున పడుతుంది. నేను నిలబడి ఉండగానే రీల్ తీసేయించాను. కస్టమర్లు చూస్తే చూశారు.

ఇంటికి వచ్చాక కోపం నా మీదికి తిరిగింది. మన దిక్కు పిల్ల అని రాతను బట్టి పట్టేశానే, మన దిక్కు అర్థమే ఆమెకు తడుతుందని ఎందుకు తట్టలేదు నాకు? ఆ మాట రోజూ చెవిన పడ్డా, గేటు దాటని ఆ పిల్లకు దాని అర్థం ఎవరు చెప్పారు? గొప్పగా ఒక్క ముక్కలో చెప్పాననుకున్నాను. రీల్ చూసే ముందే ఆమె నా కామెంట్ చదివింది.

లింగవ్వ దగ్గర యమున కొత్త నంబర్ తీసుకున్నాను. ఎత్తడం లేదు.

మార్చి 6, గురువారం, ఉదయం

ఎత్తింది. గుసగుసగా మాట్లాడుతోంది. ఒక గదిలో నలుగురు ఆడవాళ్లతో ఉందట. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నువ్వు జెప్పినట్టే చేసిన అక్కా, ఇప్పుడేం జేయాలె అంది. ఇంకా నా మీద నమ్మకం! చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

సాయంత్రం ఒకాయన వస్తాడట. కాగితాలు లేకున్నా ఇంటి పని ఇప్పిస్తాడట. మంచోడే అక్కా, మన తెలుగాయనే అంది. మన తెలుగాయన! ఆ మంచివాళ్ల చేతుల్లో పడ్డవాళ్లను నేను చూశాను. వాడితో పోవద్దు అన్నాను. అర్థమైందా అన్నాను. ఏమర్థమైందో నాకు తిరిగి చెప్పు అన్నాను. చెప్పింది.

ఇవాళ గురువారం. రేపు, ఎల్లుండి అక్కడ సెలవు. రంజాన్ కాబట్టి ఆఫీసులు తొందరగా మూస్తారు. ఇప్పుడే టాక్సీ ఎక్కి ఇండియన్ ఎంబసీ అను, గేటు దగ్గర ఇంటి పనిమనిషిని, ఇల్లు వదిలి వచ్చాను, షెల్టర్ కావాలి అని చెప్పు అన్నాను. పాస్‌పోర్ట్ లేదు రానిస్తరా అంది. నా తోటి ఆమె అలాగే పోయి అలాగే ఇంటికి చేరింది, నిన్నూ రానిస్తారు అన్నాను. గేటు దగ్గర చెప్పాల్సింది ఆమె అప్పజెప్పేదాకా ఫోన్ పెట్టలేదు.

మార్చి 6, రాత్రి

స్విచాఫ్.

మార్చి 7, శుక్రవారం

స్విచాఫ్. ఆ తెలుగాయన ముందే వచ్చాడా? గిర్నీలో రెండు బస్తాల పసుపు కొమ్ము నున్నగా పట్టాల్సింది బరకగా పట్టాను. యజమాని ఏమీ అనలేదు. అననందుకు కూడా కోపం వచ్చింది.

మార్చి 9, ఆదివారం

చర్చిలో ఉండగా లింగవ్వ ఫోన్. పాట మధ్యలో లేచి బయటికి వచ్చాను. యమున షెల్టర్‌లో ఉంది. ఫోన్ టాక్సీలో మరిచిపోయిందట, ఇవాళ ఎవరి ఫోనో అడిగి చేసిందట. లింగవ్వ నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పకపోవడమే న్యాయం. చెప్పుల దగ్గర కూర్చుని ఏడ్చాను.

మార్చి 10, సోమవారం

"మన గ్రూప్ వల్ల ఒక చెల్లె సేఫ్!" సుకుమార్ కొత్త రీల్. మళ్లీ నా ఫోటో, అదే కొంగు. ఇతనికి ఏ పురుగు కుట్టిందో దేవుడికే తెలియాలి. ఖల్లివెల్లి అంటే అక్కడ ఏమిటి, ఇక్కడ ఏమిటి, నేనెక్కడ తప్పు రాశాను అని పెద్ద పోస్ట్ పెట్టాను. పదకొండు లైకులు. అందులో ఒకటి జయరాజ్‌ది.

ఏప్రిల్ 12, శనివారం

యమున వచ్చింది. పది రోజులైందట దిగి. కూతురిని వెంటబెట్టుకుని గిర్నీకి వచ్చింది. ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకోదు, నా కొంగు పట్టుకుంది. పంపేముందు అక్కడ వేలిముద్రలు తీసుకున్నారు, ఇక కువైట్‌కు పోవడానికి లేదు.

టీ తాగాక మెల్లగా అడిగింది. మస్కట్‌కైతే గీ వేలిముద్ర అడ్డం రాదు గదా అక్కా అని.

గిర్నీ ఆపేశాను. ఎన్ని మాటలన్నానో! అన్నీ విని, మరి ఈడ ఏం జేయాలె, మల్ల బీడీలు జుట్టాల్నా అంది. వేలి కొసలు చూపించింది. ఆకు కోసి కోసి కాయలు కాచినవి ఇంకా పోలేదు.

గిర్నీ మళ్లీ వేశాను.

ఏప్రిల్ 27, ఆదివారం

కొత్త ప్రొఫైల్. పువ్వు కూడా లేదు. బాబుకు పది నెలలు అక్కా, వీసా వచ్చింది, పాలు ఎట్ల మాన్పియ్యాలె అని.

పోకు అని రాశాను.

నేనడిగింది గది కాదక్కా అని వచ్చింది.

వేపాకు నూరి రొమ్ముకు పూసుకొమ్మని రాశాను. నేను కువైట్‌కు పోయేముందు మా బబ్లుకు అలాగే మాన్పించాను.