కుందేళ్ళ మీద కోళ్ళు

పద్మా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున్నే దీపం పెట్టి మీ ఇంటికి పోయినాను. పట్టుపురుగుల పాత స్టాండుతో నువ్వు కట్టిన గూడును మీ ఆయన విప్పి తిరగేసినాడు. నువ్వు కుందేళ్ళను పై అరలో పెట్టి, వాటి కింద వాలుగా రేకు వేసి, కోళ్ళను నేలమీద వదిలేదానివి. ఇప్పుడు కోళ్ళు పైన, కుందేళ్ళు కింద ఉండాయి. కోళ్ళ రెట్టంతా కుందేళ్ళ మేతలో పడతా ఉండాది. మూడు కుందేలు పిల్లలు చచ్చిపోయినాయి.

"గూడు తలకిందులు చేస్తివి గదప్పా" అన్నాను.

"కోడి పైకెక్కి పండుకునే జాతి, వదినా. మీ చెల్లెలికి ఆ మాత్రం తెలీలేదు. దాని కుందేళ్ళు మొదట్నుంచీ రోగిష్టివే. మీరు పోయి పూజ చేసుకోండి."

 మిగిలిన రెండు కుందేళ్ళనూ గంపలో పెట్టుకొని దిబ్బూరహళ్ళి బస్సెక్కినాను.

"వాటిని కూడా పూజగదిలోనే పెట్టుకోండి!" అని వెనక నుంచి నవ్వినాడు.

ఇంటికొచ్చి, నువ్వు చేసినట్టే వాటికి పైన ఒక అర కట్టించినాను. సాయంత్రం గుడికి పోయినాను. నువ్వు పోయినంక అర్చనలో నీ పేరు చెప్పకూడదు గానీ, నీ కోసమని మీ ఆయన పేరు ఒక్క వారమూ విడవలేదు. ఈరోజు నా పిల్లల పేర్లు చెప్పి ఊరుకున్నాను.

"మరిది పేరు మరిచిపోతివేమమ్మా?" అన్నాడు పూజారి.

"మరిచిపోలేదు సామీ. హారతి ఇవ్వండి" అన్నాను.

అక్క