ప్రధాన వృత్తి, ఒకటి మాత్రమే

మార్చి 4, సోమవారం

క్లాసులు ఆపేసి టీచర్లందరినీ సర్వేకు పొమ్మన్నారు. నాకు పడ్డది సిటీ బస్సు ఆఖరి స్టాపు దాటాక ఉన్న ఊరు. అది పల్లెటూరో పట్టణమో తేల్చాలి. పనిచేసే మగవాళ్లలో నలుగురికి ముగ్గురు వ్యవసాయం కాని పనిలో ఉంటే పట్టణం. లేకపోతే పల్లె. ట్రైనింగ్‌లో సూపర్‌వైజర్ రెండు నిమిషాల్లో తేల్చేశాడు. ఆడవాళ్ల పని ఈ లెక్కలోకి ఎందుకు రాదని అడిగాను. ఫార్మాట్ అలాగే ఉందమ్మా అని టీ బ్రేక్ ఇచ్చాడు.

మార్చి 5, మధ్యాహ్నం

ఇరవై ఇళ్లు. కాళ్లు పీకుతున్నాయి. ఈ ఊళ్లో ఒక్క పనితో బతికేవాడు ఒక్కడూ లేడు. సెలూన్ ఆయన షాపు తెరిచేలోపు ఆకుకూర మళ్లకు నీళ్లు పెడతాడు. ఎలక్ట్రీషియన్ నాలుగు రోజులు సిటీలో వైర్లు లాగి, మిగతా మూడు రోజులు బెండకాయలు కోస్తాడు. ఫారంలో మాత్రం ఒకటే గడి. ప్రధాన వృత్తి. విసుగొచ్చి ఆ ఒక్క గడిలోనే రెండేసి పనుల కోడ్‌లు రాసి పారేశాను.

మార్చి 5, సాయంత్రం

ఊరి చివర అపార్ట్‌మెంట్ లేస్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్‌కు అరవై దాటి ఉంటాయి. ఆ నేల ఒకప్పుడు ఆయనదేనట. అమ్మేశాక దానికే కాపలా కాస్తున్నాడు. ఏం చేస్తారు బాబాయ్ అంటే రైతునన్నాడు. ఇప్పుడు చేసేది చెప్పమన్నాను. కాంపౌండు గోడ వారగా మంచం వేసేంత జాగా చూపించాడు. అందులో వంగమొక్కలు.

“గేటు నా ఉద్యోగమమ్మా. నేను మాత్రం రైతునే. అట్లాగే రాయి.”

ఆయన భార్యకు నాలుగు గేదెలు. తెల్లారకముందే పాలు పిండి, మొదటి బస్సులో క్యాన్లు వేసుకుని సిటీకి వెళ్తుంది. తిరిగొచ్చి గడ్డి కోస్తుంది. నా ప్రశ్నలకు పేడ ఎత్తుతూనే జవాబులు చెప్పింది. ఆ ఇల్లు నడిచేది ఆవిడ మీద. లెక్కలోకి వచ్చేది ఆయన.

ఆయనకు కూడా రెండు కోడ్‌లు రాశాను.

మార్చి 7

ఫారాలు తిరిగొచ్చాయి. కంప్యూటర్ రెండు కోడ్‌లు తీసుకోదట. పిల్లలకు చెప్పే టీచరమ్మవు, నీకే నేను చెప్పాలా అన్నాడు సూపర్‌వైజర్.

మార్చి 8, శుక్రవారం

ఏ పనికి ఎక్కువ గంటలో అది ఉంచి, రెండోది కొట్టేయాలి. సెలూన్ ఉంచాను, ఆకుకూర కొట్టేశాను. వైర్లు ఉంచాను, బెండ కొట్టేశాను. వాచ్‌మన్ బాబాయ్ దగ్గర పెన్ను ఆగింది. పన్నెండు గంటలు గేటు. మహా అయితే గంట వంగమొక్కలు. ఏం చేయను? రైతును కొట్టేశాను.

మా ఆయన తొంగిచూసి, పేపర్లు దిద్దుతున్నావా, ఎంతమంది ఫెయిల్ అని అడిగాడు. ఒళ్లు మండింది.

మార్చి 12

మొత్తం మగ పనివాళ్లు 212. వ్యవసాయం కానివాళ్లు 161. నలుగురికి ముగ్గురు లెక్కన హద్దు 159. పట్టణం.

ముగ్గురు. ఇంకో ముగ్గుర్ని రైతులని ఉంచి ఉంటే పల్లెగానే ఉండేది. ఆ ముగ్గురూ ఎవరో నాకు తెలుసు.

మార్చి 20, బుధవారం

ఊరి పేరు బోర్డు మార్చారు, ఇప్పుడు పట్టణం అని ఉంది. బోర్డు కిందే నోటీసు. పట్టణంలో ఇళ్ల మధ్య పశువులు ఉండకూడదు. ముప్పై రోజుల్లో షెడ్లు తీసేయాలి. వీధిలైట్లు ఎప్పుడు వేస్తారో మాత్రం నోటీసులో లేదు.

మార్చి 21

వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. బాబాయ్ డ్యూటీలో ఉన్నాడు. ఆవిడకే చెప్పాను, ఆయన పేరు దగ్గర రైతు అని రాసింది నేనే, కొట్టేసిందీ నేనే అని. తిడుతుందనుకున్నాను. గేదె వీపు మీద చెయ్యి వేసింది.

“నేను పాలు పోసేది పట్నంలోనే కదమ్మాయ్. పాలు పట్నానికి పనికొచ్చి గేదె పనికి రాకుండా పోయిందా? పోనీ, దీన్ని తోలుకుని ఏ పల్లెకి పొమ్మంటావ్?”



మార్చి 22

ఆఫీసులో రెండు గంటలు నిలబడ్డాను. ఆ మూడు ఫారాలు మళ్లీ చూడమని సూపర్‌వైజర్‌ని అడిగాను. డేటా లాక్ అయిపోయిందట. వాచ్‌మన్ భార్య పని కూడా కలిపితే లెక్క మారుతుందేమో చూడండి సార్ అన్నాను. సెంటిమెంట్‌కు కోడ్ లేదమ్మా అన్నాడు. పక్క సీటువాళ్లు నవ్వారు. నేను అడిగింది సెంటిమెంట్ కాదు. నాలుగు గేదెలు.

అర్జీ రాసి ఇచ్చి వచ్చాను. దాన్ని ట్రేలో అట్టడుగున పెట్టడం కళ్లారా చూశాను.

ఏప్రిల్ 18, గురువారం

వాళ్ల గేదెల షెడ్డు లేదు. గుంజలు కూడా పీకేశారు. బాబాయ్ నన్ను చూసి అపార్ట్‌మెంట్ గేటు తీశాడు. పైన ఫ్లాట్లన్నీ ఇంకా ఖాళీ. కింద సెల్లార్ పార్కింగ్. నేల మీద తెల్ల పెయింట్‌తో గీతలు, నంబర్లు. నంబరుకొక గేదె. నాలుగోది గీత మీద పడుకుని నెమరేస్తోంది.