నీ ఫైల్లో ఏడో లైను

అన్నా,

నిన్ననే నీ సంవత్సరీకం పెట్టాం. ఇవాళ ఆఫీసువాళ్లు పంపిన కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. సాయంత్రంలోగా పని మొదలుపెట్టకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు.

అప్పట్లో నువ్వు ఘన్‌పూర్ స్టేషన్లో రైలు కోసం కూర్చుని నాకు రాసిపెట్టిన ఫైలు ఇవాళ నా గదిలో తెరిచాను. ఏది ముందు ఇన్‌స్టాల్ చెయ్యాలో, ఏ కమాండ్ ఎక్కడ కొట్టాలో వరసగా ఉంది. ఆరు లైన్లు అలాగే కొట్టాను, అన్నీ నడిచాయి. ఏడో లైన్లో కమాండే లేదు. "గిక్కడ ఆగుతది. పరేషాన్ గాకు, నాకు ఫోన్ చెయ్యి" అని ఉంది.

కావాలనే వదిలేశావు కదూ! అది కూడా రాసిస్తే నేనిక ఫోనే చెయ్యనని నీ భయం. ఎంత పని చేశావన్నా! పొద్దున్నుంచి నాకు తెలిసినవన్నీ కొట్టి చూశాను. డేటాబేస్ స్టార్ట్ కాదు. తెర మీద మళ్లీ అవే ఎర్ర అక్షరాలు. మూడు దాటింది.

ఏమీ తోచక నీ నంబరుకే చేశాను. నీ ఫోనుకు మనల్ని కన్న అవ్వ ఇప్పటికీ రోజూ చార్జింగ్ పెడుతుంది. వంటింట్లో మోగింది. చేసిందెవరో చదవడం రాదు కదా ఆమెకు, ఎత్తింది.

"ఎవలు బిడ్డా? మావోడు లేడు" అంది.

ఫోను చెవికి ఇంకా దగ్గరగా అదుముకున్నాను. అవ్వే మెల్లగా మళ్లీ అడిగింది.

"వానికి ఏమన్న చెప్పాల్నా?"