ప్రాసెసర్ వేగం పెంచిన రోజు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

పుంగనూరులో మన డీటీపీ షాపుకు పోయిన వారం కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతది ఖాళీగా ఉండటంతో, నువ్వు ఎప్పటినుంచో అనుకున్న పని నేనే చేశాను. ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపించాను.

అప్పట్లో నువ్వడిగితే, "అది కాలిపోతే పెండ్లి పత్రికలు యాడ కొట్టేదన్నా? మనకుండేది ఒకటే గదా" అన్నాను. "సరేలేమ్మా" అని సీపీయూ డబ్బా మూత బిగించేశావు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఈ పని కోసం నువ్వు రాసుకున్న నోటుబుక్కు చూసుకుంటూ, కంప్యూటర్ ఆన్ చేయగానే తెరిచే బయాస్ సెట్టింగుల్లో వేగం ఒక మెట్టు పెంచాను. బాగానే నడిచింది. రెండో మెట్టుకు తెర నల్లగా ఉండిపోయింది. అలా అయితే ఏం చేయాలో కూడా నువ్వు రాసిపెట్టావు. బోర్డు మీద జంపర్ అనే చిన్న క్లిప్పును మార్చి, పాత సెట్టింగులకు తెచ్చి, ఈసారి మొదటి మెట్టు దగ్గరే ఆపాను. మధ్యాహ్నం దాకా పత్రికలు దాని మీదే కొట్టాను. డబ్బాను చేత్తో తాకి చూస్తే గోరువెచ్చగా ఉంది, అంతే.

అన్నం తెచ్చిన అమ్మ, "ఏం చేస్తాండావు?" అంది. చెప్పాను.

స్టూలు లాక్కుని కూర్చుంది. "వాడుండంగా చేయనిచ్చింటే ఏం పోయేది పాపా?" అంది. కోపంగా కూడా అనలేదు.

ఏమీ పోయేది కాదన్నా. ఆ మాట అమ్మతో అనలేక నీకు రాస్తున్నాను.