మూడు పాయింట్ల బుచ్చిరాములు

2 ఫిబ్రవరి 2010

మళ్లీ అదే పాట. పాచికల ఆటలో నా ఫైటర్, అంటే కత్తివీరుడు, పనికిరాడట. విజర్డ్‌ని తీసుకో నర్సన్నా, గా కత్తి పట్టుకొని ఇంకెన్ని రోజులు తిరుగుతవ్ అని దేవేందర్. పీహెచ్‌డీ చేస్తున్నాడు, ఆటలో విజర్డ్, అంటే మంత్రగాడు, అతనే. ఆట నడిపే జశ్వంత్‌దీ అదే మాట. తార్నాకలో ఉంటారు, కోస్తావాళ్లు కాబట్టి కొంచెం మర్యాదగా అంటాడు. మీరేమీ అనుకోకపోతే కొత్త క్యారెక్టర్ రాసిస్తానండీ అని.

అనుకుంటాను. నా ఫైటర్ వివరాలు రాసిన కాయితం మీద మా నాయన పేరుంది. బుచ్చిరాములు, ఫైటర్, ఐదో లెవెల్, ప్రాణం నలభై రెండు పాయింట్లు.

క్యాంటీన్‌లో మధ్యాహ్నం గిరాకీ తగ్గాక వెనక బల్ల మీద వీళ్ల పాచికలు, రాక్షసులు. చాయ్ ఇచ్చి నిలబడి చూసేవాణ్ని. నాలుగో మనిషి తక్కువై నన్ను కూర్చోబెట్టారు. ఏడో తరగతి పాసైనవాడికి క్యాంపస్‌లో ఇంతకన్నా మంచి అడ్మిషన్ దొరకదు.

3 ఫిబ్రవరి

లెక్క రాశాను. విజర్డ్ ఫైర్‌బాల్ అనే నిప్పుముద్ద ఒక్కటి వేస్తే ఐదు పాచికలు, గుంపు మొత్తానికి తగులుతుంది. మొన్న పంతొమ్మిది పడింది. ఆరుగురు గాబ్లిన్లు, పొట్టి రాక్షసులు, బూడిద. నా కత్తికి ఒక పాచిక, పైన నాలుగు, అదీ ఒక్కడికే. మొన్న తొమ్మిది. ఆ ఒక్కడు కూడా చావలేదు, నా వైపు జాలిగా చూశాడు.

మా ఇంటామె శివమ్మ వంటింట్లోంచి వచ్చి ఏం రాస్తున్నవ్ అంది. చెప్పాను. గెలిస్తే ఏమిస్తరు అంది. ఏమియ్యరు అన్నాను. అయితే ఓడిపోకు అంది.

6 ఫిబ్రవరి

దొరికింది.

ఫైర్‌బాల్స్ రోజుకు రెండే. అవి కాగానే దేవేందర్, నేను అలిసిపోయిన, పడుకుందాం అంటాడు. రాక్షసుల గుహలో అందరం పడుకుంటాం. లేవగానే అతనికి మళ్లీ రెండు. ఇన్ని నెలలు ఆడారు, అందరూ డిగ్రీలున్నవాళ్లు, ఎవరూ అడగలేదు.

మొదటి వాయి మిర్చీలు తీసి పొయ్యి ఆర్పి నేనూ పడుకుంటే? మా నాయన పొద్దంతా మోట కొట్టేవాడు. రెండు బొక్కెనలకే ఎద్దులను విప్పలేదు.

8 ఫిబ్రవరి

పందెం కట్టాను. ఒకే రోజు ఎనిమిది కొట్లాటలు, నిద్ర లేదు. బుచ్చిరాములు చస్తే కాయితం చింపి విజర్డ్‌ని తీసుకుంటా. బతికితే ఫైటర్ పనికిరాడన్న మాట ఎవరూ ఎత్తొద్దు.

గాయాలు మాన్పే క్లెరిక్ మాతో ఆడే ఇంకో స్టూడెంటు, స్నేహలత. నా లెక్కంతా చదివింది. ఎనిమిది ఎక్కువైతయి నర్సన్నా, ఆరు అను అంది. ఎనిమిదే అన్నాను.

15 ఫిబ్రవరి, సాయంత్రం ఆరు

ప్రత్యేక రాష్ట్రం కోసం పిల్లలు ఊరేగింపు తీస్తే, క్యాంపస్ గేటు దగ్గర పదకొండింటికి పోలీసుల లాఠీలు లేచాయి. తర్వాత టియర్ గ్యాస్. షటర్ దించేశాను. లోపల మేం నలుగురమే. దేవేందర్ మోచేయి చీరుకుపోయింది. జశ్వంత్‌కి వాళ్లమ్మ ఫోన్ మీద ఫోన్. బయటికెళ్లలేం. కూర్చుని ఏం చేస్తం, నీ ఎనిమిది కొట్లాటలూ తీయి అన్నాడు దేవేందర్.

రెండో కొట్లాటకే ఫైర్‌బాల్స్ అయిపోయాయి. మూడో దాంట్లో అలవాటుకొద్దీ పడుకుందామా అన్నాడు. బయట ఢామ్మని పేలింది. పడుకో, లేపుతా అన్నాను. తర్వాత విజర్డ్‌గారు నా వెనక నిలబడి కర్ర ఊపారు. ఆరో దాంట్లో స్నేహలత మంత్రాలూ ఖతం. ఏడు దాటేసరికి బుచ్చిరాములుకి మూడు పాయింట్లు మిగిలాయి.

ఎనిమిదో దాంట్లో ఓగర్, కొండంత రాక్షసి. కొట్టీ కొట్టీ దానికీ ఒక్క దెబ్బ ప్రాణమే మిగిలింది. ఇరవై ముఖాల పాచిక మీద నాకు పద్నాలుగైనా పడాలి. పడకపోతే తర్వాతి దెబ్బ దానిది. వేశాను. అప్పుడే షటర్ కింది నుంచి పొగ దూరింది. నలుగురం తడి తువ్వాళ్లలో మొహాలు దాచాం. జశ్వంత్‌కి కళ్లు తెరుచుకోవడం లేదు. దేవేందరే పాచిక మీదికి వంగి చూశాడు. నేను బతికితే పందెం ఓడేది అతనే, చస్తే గెలిచేది అతనే. ఆరు పడిందని చెప్పినా అడిగేవాళ్లు లేరు.

పదహారు అన్నాడు. నీయవ్వ, పదహారు.

నాలుగింటికి షటర్ తీశాం. జశ్వంత్ కదలలేదు. కోస్తావాణ్ని కదా, నన్ను చూస్తే ఎవరైనా అని ఆగాడు. మా క్యాంపస్‌ల నిన్నెవడేమంటడు, నడువ్ అని దేవేందర్ తార్నాకలో వాళ్లింటి దాకా దిగబెట్టి వచ్చాడు. వాళ్లమ్మ మోచేతికి పసుపు పెట్టిందట.

17 ఫిబ్రవరి

ఫైటర్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. చాయ్‌లో చక్కెర తక్కువైందన్నారు.

21 ఫిబ్రవరి

నినాదాలిచ్చి దేవేందర్ గొంతు పోయింది. పిల్లలు ఊళ్లకు పోతున్నరు నర్సన్నా, దీక్ష నాలుగు రోజులు ఆపుదామా అంటున్నరు అందరు అన్నాడు గుసగుసగా. నేను డబ్బాలోంచి కాయితం తీసి అతని ముందు పెట్టాను. మూడు పాయింట్లు, ఇంకా తుడపలేదు. ఆ అంకె మీద వేలు పెట్టాడు. తర్వాత పాచిక అడిగాడు, ఆడటానికి కాదట, జేబులో పెట్టుకుంటాడట. ఇచ్చి, దీక్ష టెంటు కాడికి మిర్చీలు పంపుతా, ఎంతమంది ఉంటే అంతమందికి, రేపు కూడా, ఎల్లుండి కూడా అని చెప్తుంటే అతను — పొయ్యి కాడ సాయం చేస్తున్న స్నేహలత పిలుస్తోంది, రెండో వాయి మాడుతుందట, వస్తున్నా అంటే వినదు, మిగతాది రేపు రాస్తా.