భుజంలో నొప్పి, పొట్ట మీద మచ్చ

2008 ఆగస్టు, సూర్యాపేట

మోతె నుంచి వచ్చిన గొర్రెలకాపరి మల్లయ్యకు కుడి చెయ్యి పైకి లేవడం లేదు. కుంటే గొర్రెకు పెట్టినట్టే భుజానికి వాతలు కూడా పెట్టించుకున్నాడు. చొక్కా విప్పించి చూస్తే పక్కటెముకల కింద, పిత్తాశయంలో రాళ్లకు చేసిన పాత ఆపరేషన్ మచ్చ లోపలికి అతుక్కుని ఉంది. దాన్నే వేళ్లతో మెల్లగా కదిలించాను.

"నొప్పి గాడుంటే గీడ పిసుకుతవేంది సారూ?" అన్నాడు.

"తెలిసేది గాడ, పుట్టేది గీడ. జర ఓపిక పట్టు మల్లన్నా."

కాసేపటికి చెయ్యి తల దాకా లేచింది. ఫిజియోథెరపీ చదివినందుకు ఇంత గర్వం ఎన్నడూ కలగలేదు. తెల్లారేసరికి మళ్లీ బిగుసుకుంటుందేమోనన్న బెంగా ఉంది...

వెళ్లేటప్పుడు, వెంట వచ్చిన భార్య అలవాటుగా గొంగడి అతని భుజాన వేయబోయింది. మల్లయ్య దాన్ని అందుకుని తనే విసిరి వేసుకున్నాడు. ఆమె చేతులు కాసేపు గాలిలోనే ఉండిపోయాయి.