మనిషి పైకి పడటం

నైరోబి
గురువారం

అప్పకు,

నీ కాళ్లకు మొక్కి తమ్ముడు రమణ రాస్తున్న సంగతులు. నువ్వు, అమ్మ, చిట్టి ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మా ఈశ్వరి, పిల్లాడు మీ ఇంటికి వచ్చి పోతున్నారా? గరివిడిలో వానలు పడుతున్నాయా? కోటబొమ్మాళి మడికి ఈసారి నారు ఎవరు పోశారు? ఇక్కడ మీ ఆయన, మా బావ, బాగున్నాడు. నేనూ బాగున్నాను. ముందు ఈ మాట నమ్ము అప్పా. నమ్మాకే మిగతాది చదువు.

బావ విమానంలో కాలు జారి పడ్డాడు, మెడ బెణికింది అని నీకు ఫోనులో చెప్పాం. నువ్వు నమ్మలేదని నాకు తెలుసు. మొన్న వీడియోలో బావ మొహం ఒక్కటే చూపిస్తుంటే, "ఒరే రమణా, ఆ ఫోను కిందకి దించు. మనిషినంతా సూపించు. ఇద్దరూ ఏటి దాస్తన్నారు?" అని నిలదీశావు. సిగ్నలు లేదని చెప్పి కట్ చేసేశాను. నీతో చెబుదామని నోరు తెరిస్తే చాలు, మళ్లీ ఆ బెణుకు అబద్ధమే వస్తోంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇక్కడి చక్కెర కంపెనీలో పనిచేసే మన రాజాం ఊరి ఆయన ఒకరు సెలవు మీద వస్తున్నారు. గరివిడి వచ్చి నీ చేతికే ఇస్తానన్నారు. ఆయనకు భోజనం పెట్టి పంపు. ఆయన భార్య మాకు ఇన్నాళ్లూ అన్నం, చారు పంపిన మనిషి.

అమ్మకు మాత్రం ఇదంతా చదివి వినిపించకు.

మొదటి నుంచి చెబుతాను. హైదరాబాదు నుంచి గల్ఫు దాకా మొదటి విమానం. అది రాత్రి కావడంతో ఏమీ తెలియలేదు. అక్కడ దిగి, పొద్దున్నే, మా కొత్త కొలిమి ఉద్యోగాలున్న దక్షిణాఫ్రికాకు పోయే పెద్ద విమానం ఎక్కాం. ఎంత పెద్దది అంటే, ఇంజను మూతిలో మన ఆటో నిలబెట్టొచ్చు. లోపల సినిమా హాలులాగా వరసలు, మధ్యలో రెండు దారులు. అంతమంది జనం, అంత సామాను, ఇదంతా ఎలా లేస్తుంది అనుకున్నాను. లేచింది. బావ నా వైపు తిరిగి, "సూసావా, మన ఫర్నేసు కన్నా పెద్ద దొంగది ఇది. అరుపే నేదు," అన్నాడు. బావకు దారి పక్క సీటు, నాది లోపలిది.

చాలాసేపు బాగానే ఉంది. నువ్వు కట్టి ఇచ్చిన జంతికలు తిన్నాం. అన్నం పెట్టే అమ్మాయికి కూడా బావ రెండు ఇచ్చాడు, ఆమె నవ్వి తీసుకుంది. కిటికీలోంచి చూస్తే కింద దూదిలాంటి మబ్బు. ఆ ఎండలో అది మెరుస్తుంటే కన్ను తిప్పుకోలేకపోయాను. అయినా కుర్చీ చేతులు మాత్రం గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. బాత్రూముకు వెళ్లొస్తానని బావ లేచాడు. ఆయన తిరిగి వస్తుండగా తల పైన బెల్టు బొమ్మ వెలిగింది. పైలటు ఏదో అన్నాడు. విమానం మన ఘాట్ రోడ్డు బస్సులాగా కొంచెం కొంచెంగా ఊగింది. నాకు రెండు వరసల అవతల ఉన్నాడు బావ. కుర్చీ వీపులు పట్టుకుంటూ, నన్ను చూసి నవ్వుతూ, "ఏట్రా అంత గట్టిగా పట్టుకున్నావు? కుర్సీ ఏటి ఎగిరిపోద్దా?" అన్నాడు.

అప్పా, ఆ మాట పూర్తయ్యీ కాకముందే కింద నుంచి నేల తీసేసినట్టయింది.

ఇంజను చప్పుడు తగ్గిందో, నా చెవులే మూసుకుపోయాయో నాకు ఇప్పటికీ తెలియదు. బెల్టు నా తొడల్ని కోసేసింది. నీళ్ల గ్లాసులు, చెప్పులు, దుప్పట్లు, ఒక చంటిపిల్ల పాలసీసా, అన్నీ లేచి గాలిలో నిలబడ్డాయి. వాటి మధ్య బావ లేచాడు. కొలిమి దగ్గర ఇన్నేళ్లు పని చేశాను, మనుషులు కింద పడటం చూశాను. మనిషి పైకి పడటం అదే మొదటిసారి చూడటం. నిలువునా లేచి, తల పైకప్పుకు కొట్టుకుంది. అక్కడున్న ప్లాస్టిక్ పలక పగిలి లోపలికి పోయింది. తర్వాత విమానం దేన్నో గుద్దుకున్నట్టు ఒక్కసారి ఆగింది. పైన ఉన్నవన్నీ కింద పడ్డాయి. బావ కూడా పడ్డాడు. కుర్చీ చేతి మీద మెడ ఆనింది, అక్కడి నుంచి దారిలోకి జారాడు.

అప్పుడు మొదలైంది అరుపు. ఎన్ని భాషల్లో అరిచారో! అమ్మా అన్న మాట మాత్రం ఏ భాషలో అన్నా అర్థమైంది. ఊపిరి తీసుకునే పసుపురంగు గొట్టాలు పైనుంచి వేలాడుతున్నాయి. అన్నం పెట్టిన అమ్మాయి పెదవి చీలి, తెల్ల చొక్కా మీద రక్తం కారుతోంది. అయినా పాకుతూ ఒక్కొక్కరి బెల్టూ లాగి చూస్తోంది. నేను బెల్టు విప్పేశాను. విప్పకూడదని ఆమె చేతులు ఊపింది. నేను వినలేదు.

బావ కళ్లు తెరిచే ఉన్నాయి. నుదుటి మీద రక్తం. ఆయన్ని లేవనెత్తుదామని చంకల కింద చేతులు పెట్టబోయాను. వెనక నుంచి ఎవరో నా భుజం పట్టి లాగారు. ఒక సన్నటి ఆవిడ, కెన్యా ఆవిడే, డాక్టరు. మనిషిని కదపొద్దు అని ఇంగ్లీషులో గట్టిగా అరిచింది. నా రెండు చేతులూ తీసుకుని బావ చెవుల పక్కన రెండు వైపులా పెట్టింది. ఈ తల ఇలాగే ఉండాలి, నేను చెప్పే వరకూ ఇటూ అటూ కదలకూడదు, నీకు అర్థమైందా అంది. అర్థమైంది అన్నాను. ఆమె ఇంకొక దెబ్బ తగిలిన ముసలాయన దగ్గరికి పోయింది.

అలా మోకాళ్ల మీద కూర్చుని మీ ఆయన తల పట్టుకున్నాను అప్పా.

కాసేపటికి బావకు మాట వచ్చింది.

"ఒరే రమణా."

"ఉన్నాను బావ."

"నా కాళ్లు ఉన్నాయా? సూడు."

"ఉన్నాయి. చెప్పు ఒకటి ఊడింది, అంతే."

"ఉంటే తెలవాల కదరా. తెలీటం నేదు. ఒకపాలి గిల్లు."

నా చేతులు తీయడానికి లేదు. పక్క కుర్చీలో ఉన్న ఒక కుర్రపిల్లను సైగ చేసి అడిగాను. ఆమె బావ కాలి బొటనవేలు గిల్లింది. గోరు దిగేలా గిల్లింది, చర్మం తెల్లబడి ఎర్రబడటం నాకు కనబడింది. బావ నా కళ్లలోకే చూస్తున్నాడు.

"గిల్లారా?" అన్నాడు.

"ఇంకా లేదు బావ," అన్నాను.

బావ చూపు పైకప్పు వైపు తిప్పి, "గిల్లొద్దులే. ఉండనీ," అన్నాడు. ఆయనకు తెలిసిపోయింది. నాకు తెలిసిపోయిందని కూడా ఆయనకు తెలిసిపోయింది. ఇద్దరం మరి దాని మాట ఎత్తలేదు. చిట్టి ఇంటరు మార్కుల గురించి మాట్లాడాడు. ఇంటి వెనక గోడ కట్టించాలన్నాడు. మధ్యలో ఒకసారి నీ పేరు పలికి ఊరుకున్నాడు.

పైలటు దారి మళ్లించి నైరోబిలో దింపుతున్నామని చెప్పాడు. దిగేటప్పుడు అందరూ కుర్చీల్లో ఉండాలి. నేను లేవనన్నాను. డాక్టరమ్మ కూడా నా పక్షాన మాట్లాడింది. మాటలకు టైము లేదు. దిండ్లు, దుప్పట్లు తెచ్చి బావకు రెండు వైపులా కుక్కారు. పెదవి చీలిన ఆ అమ్మాయి మా పక్కన ఖాళీ అయిన కుర్చీలో కూర్చుని, బెల్టు పెట్టుకుని, వంగి నా చొక్కా వీపు రెండు పిడికిళ్లతో పట్టుకుంది. చక్రాలు నేలను తాకినప్పుడు నేను ముందుకు పోయాను. చొక్కా చిరిగింది. ఆమె వదల్లేదు. నేను బావను వదల్లేదు. విమానం ఆగాక స్ట్రెచరు వాళ్లు వచ్చి మెడకు పట్టీ వేసి, ఇక చేతులు తీసెయ్ అన్నారు. నా వేళ్లు రాలేదు. డాక్టరమ్మే ఒక్కొక్క వేలూ విప్పింది.

ఆ రోజే ఆపరేషను చేశారు. మెడ పూస ఒకటి చిట్లింది. లోపలి నరం తెగలేదు, నలిగింది అన్నారు. వాపు తగ్గేదాకా ఏమీ చెప్పలేమన్నారు. ఖర్చంతా విమానం వాళ్ల బీమాలో పోతుంది, దాని గురించి బెంగ పెట్టుకోకు. నేను ఆసుపత్రి వరండాలో చిరిగిన చొక్కాతో కూర్చున్నాను. నీకు ఫోను చేసింది అప్పుడే. "మెడ బెణికింది" అన్నాను కదా, ఆ సమయానికి ఆయన లోపల ఆపరేషను బల్ల మీద ఉన్నాడు.

మర్నాడు దక్షిణాఫ్రికా కంపెనీ మేనేజరు ఫోను చేశాడు. మిగిలిన ప్రయాణికులకు వేరే విమానం పెట్టారు, దానిలో నువ్వు వచ్చేయి, కొలిమి మొదలుపెట్టే వారం ఇది, మనిషి లేకపోతే కుదరదు అన్నాడు. మా బావ ఇలా ఉన్నాడండీ అన్నాను. ఆసుపత్రి వాళ్లు చూసుకుంటారు కదా అన్నాడు. ఆయన మంచివాడే అప్పా, ఆయన కష్టం ఆయనది. నేను రానని చెప్పాను. ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు. ఈశ్వరికి నేనే చెప్పాను. నువ్వు దాని దగ్గర ఈ విషయం ఎత్తి ఏడవకు. మీ ఇంట్లో ఏం వండినా దానికి, పిల్లాడికి కొంచెం పంపుతూ ఉండు.

ఇక్కడి సంగతి చెబుతాను. నైరోబి చల్లగా ఉంటుంది, మన అరకు లాగా. పొద్దున్న స్వెట్టరు లేకపోతే ఆగలేం. ఆసుపత్రికి దగ్గరలో గుజరాతీ వాళ్ల సత్రం ఉంది, అక్కడ నాకు గది ఇచ్చారు. మొక్కజొన్న పిండితో తెల్లటి ముద్ద చేసి ఆకుకూరతో తింటారు ఇక్కడి జనం. మన చోడి ముద్ద తిన్న నోటికి అది పర్వాలేదు. మనుషులు మంచివాళ్లు. కాని సాయంత్రం గదికి వస్తే గోడలు మీద పడతాయి. ఆ సత్రంలో తెలుగులో మాట్లాడటానికి ఎవరూ ఉండరు. పైన విమానం పోయినప్పుడల్లా, నేను ఎక్కడ ఉన్నా, ఏదో ఒకటి గట్టిగా పట్టుకుంటున్నాను. మొన్న రోడ్డు మీద ఒక పండ్లమ్మే ఆవిడ బండి పట్టుకున్నాను. ఆమె నన్ను చూసి ఒక అరటిపండు ఇచ్చింది. నాకు ఆకలేసిందనుకుంది పాపం.

మరి బావ సంగతి. మొదటి వారం ఏమీ లేదు. రోజూ డాక్టరు వచ్చి కాలు మీద సూదితో పొడిచేవాడు. బావ పైకప్పు వైపు చూస్తూ ఉండేవాడు. ఒకరోజు నేను కాళ్లకు కొబ్బరినూనె రాస్తున్నాను. రాజాం ఆయన భార్య ఇచ్చింది. "ఒరే, సక్కిలిగింత పెట్టకు," అన్నాడు. నేను ఆగిపోయాను. "ఏటన్నావు బావ?" అన్నాను. "సక్కిలిగింతగా ఉన్నాదిరా," అన్నాడు. అని, తను ఏమన్నాడో తనకే అప్పుడు తెలిసి, పెద్దగా ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. నూనె గిన్నె నా కాలు తగిలి ఒలికిపోయింది. నర్సులు పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, చక్కిలిగింత అన్న మాటకు ఇంగ్లీషు నాకు రాలేదు. బావ అరికాలు గోకి చూపించాను. కాలు వెనక్కి తీసుకున్నాడు. వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు లేపి కూర్చోబెడుతున్నారు. కుడి చేయి బాగుంది, ఎడమ చేతిలో పట్టు తక్కువ. మెడకు పెద్ద పట్టీ ఉంది, అందుకే నీకు చూపించలేదు. నెలలు పడుతుంది, ఫర్నేసు పని మాత్రం ఇక కుదరదు అని డాక్టరు చెప్పాడు. నీ దగ్గర అదీ దాచడం లేదు. డాక్టరు ఒప్పుకున్నాక ఇద్దరం కలిసే ఇంటికి వస్తాం. మళ్లీ విమానమే ఎక్కాలి. ఓడ లేదా అని బావ అందరినీ అడుగుతున్నాడు. నేను కూడా అడుగుతున్నాను.

ఇదీ అప్పా జరిగింది. నువ్వు అడిగిన మనిషినంతా చూపించాను. ఏడవాలనిపిస్తే ఏడు, కాని తర్వాత లేచి అన్నం తిను. బావ కోసం నువ్వు మొక్కే మొక్కులు ఆపకు, నా పేరు కూడా ఒక మూల కలుపు. అమ్మకు నా దండాలు. వీధిలో పెద్దలందరినీ అడిగానని చెప్పు. చిట్టికి, మా పిల్లాడికి ముద్దులు. నీ చేయి నా తల మీద ఉన్నట్టే అనుకుని ఇక్కడితో ఆపుతున్నాను.

నీ తమ్ముడు,
రమణ

కింద రాసింది బావ. పెన్ను ఇమ్మన్నాడు, ఇచ్చాను.

ఒసే, అచ్చరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. నీ తమ్ముడు రాసిందంతా నిజమే, నాను సదివినాను. నువ్వు బయపడకు. ఇదంతా మంచం మీద కూకుని రాసాను. సంతకం మట్టుకు నిలబడి పెడతన్నాను.

అప్పలనాయుడు